స్పీడు పేపరులో చంద్రుడు

మా పక్కవాటాలో ఉండే దర్జీ ఆమె ఆదివారం పొద్దున కుట్టుమిషనును వరండాలోకి లాగి నూనె వేస్తుంది. చలికాలం ఆదిలాబాద్‌లో ఎండ వరండాకు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఎండతో పాటే ఆ వాసనా వస్తుంది. పలచగా, కొంచెం కిరోసిన్ కలిసినట్టుంటుంది. అది గోడ దాటి రాగానే నేను చేస్తున్న పని ఆపేస్తాను. టైపు మిషన్లకు కూడా ఆ నూనే వేసేవారు. ముప్పై ఏళ్ల కిందట కరీంనగర్‌లో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు ఆదివారం సెలవు. ఆ రోజే అజీజ్ సార్ పన్నెండు మిషన్ల మీది గుడ్డలు తీసి, దుమ్ము దులిపి, కోడి ఈకతో ఒక్కొక్కదానికి నూనె రాసేవారు. సోమవారం మేం వెళ్లేసరికి గదంతా అదే వాసన. పోయిన వానాకాలం చివర్లో సార్ చనిపోయారు. నేను సైన్స్ ఫిక్షన్ రాస్తాను. నాలుగు పుస్తకాలు వచ్చాయి. ఎలా మొదలైందని అడిగినవాళ్లకు టైపు నేర్చుకుంటుంటే మొదలైందని చెబుతాను. నవ్వుతారు. ఆ మాట ఎంత నిజమో నాకు కూడా ఈమధ్యే తెలిసింది.

ఇష్టం మాత్రం అంతకన్నా పాతది. మాది సిరిసిల్ల. బాపు పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. అవి వేరేవాళ్లవి. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక పాత వారపత్రికలో అంగారకుడి మీద వ్యవసాయం చేసే మనుషుల కథ చదివాను. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలు లేవు. ఆ మధ్యలో ఉన్నదాన్నే ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఆ కథలో వాళ్లకు ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, మగ్గాలు లేవు. ఒకరోజు బాపుకు అన్నం తీసుకుపోయినప్పుడు అడిగాను. "బాపూ, ఆ చుక్క మీద మనుషులుంటె మగ్గాలుంటయా?" బాపు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "మనుషులుంటె బట్ట గావాలె. బట్ట గావాలంటె మగ్గముండాలె. ఆడ గూడ మనసొంటోడు ఒకడు ఉంటడు తియ్" అన్నాడు. ఇప్పటికీ నాకు తెలిసిన మంచి విమర్శల్లో అదొకటి. అప్పట్నుంచి ఆ రకం కథ ఎక్కడ కనబడినా వదల్లేదు. చదువుతున్నంతసేపూ తర్వాతి పేజీలో ఏం జరుగుతుందో ఊహించడం, పేజీ తిప్పి సరిచూసుకోవడం అలవాటైంది. చాలాసార్లు నా ఊహ తప్పేది.

ఇంటర్ అయ్యాక బాపు ఒక్క ఏడాది గడువిచ్చాడు. కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి తెలుగు టైపు లోయర్ పరీక్ష పాసైతే ఆఫీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే తిరిగి సిరిసిల్లకే, అవ్వ పక్కన కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టాలి. ఆ పని తక్కువదని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఒకసారి ఆ పీట మీద కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు. అవ్వను చూస్తూ పెరిగాను కదా.

అజీజ్ సార్ అప్పటికి యాభై దాటినవారు. సన్నగా ఉండేవారు. రెండు జేబుల చొక్కా వేసుకునేవారు, ఒకదాంట్లో ఎర్ర పెన్ను, ఇంకోదాంట్లో గడియారం. చేతికి కట్టుకునే గడియారమే, పట్టీ తెగిపోయాక జేబులోకి మార్చారు. డిగ్రీలో ఫిజిక్సు చదువుతూ మధ్యలో మానేశారని, ఎందుకో ఎవరికీ చెప్పలేదని అనుకునేవారు. టైపు నేర్పడంలో ఆయనది వేరే పద్ధతి. వేగం పరీక్షించే స్పీడు పేపరు రోజూ కొత్తది కావాలి, ఎందుకంటే పాతది రెండోసారి కొడితే వేళ్లకు గుర్తుండిపోతుంది. మిగతా ఇన్‌స్టిట్యూట్లలో దినపత్రికల నుంచి సంపాదకీయాలు కోసి ఇచ్చేవారు. అజీజ్ సార్ తానే రాసేవారు. రోజుకొక పేజీ, సరిగ్గా పది నిమిషాల వేగానికి సరిపడేంత. కార్బన్ కాగితాలు పెట్టి గట్టిగా కొట్టేవారు. ముందొచ్చినవాళ్లకు పై కాపీ, వెనకొచ్చినవాళ్లకు కింది కాపీలు. అన్నిటికన్నా కింది దాంట్లో అక్షరాల నీడలే ఉండేవి. అందుకని మా బ్యాచిలో ఆలస్యంగా వచ్చేవాళ్లు లేరు.

ఆ పేజీల్లో ఉండేది కథ. చంద్రుడి మీద ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి. అందులో ఇద్దరే మనుషులు, ఆపరేటర్ రజియా, లైన్‌మన్ ఎల్లయ్య. కొండల అవతల ఇంకో స్టేషన్, దాని దగ్గర భూమికి మాటలు పంపే ఎత్తైన మాస్టు స్తంభం. రెంటికీ మధ్య నేల మీద పరిచిన వైరు. ఒకరోజు భూమి నుంచి జవాబు రావడం ఆగిపోతుంది. వైరు తెగిందా, భూమి మీద మాట్లాడేవాళ్లే లేరా? అది తేల్చుకోవడానికి ఎల్లయ్య వైరు పట్టుకుని నడక మొదలుపెడతాడు. దారి పొడవునా గాలి నింపి పెట్టిన గుడిసెలుంటాయి, ఒక్కో రాత్రికి ఒక్కోటి. ఇదంతా మాకు రోజుకు పది నిమిషాల చొప్పున తెలిసింది. కాగితం బోర్లించి ఇచ్చేవారు. ఆయన "షురూ" అన్నాకే తిప్పాలి. "బస్" అనగానే చేతులు తీసేయాలి, కాగితం వెనక్కిచ్చేయాలి. పేజీ చివరిదాకా కొట్టగలిగినవాళ్లకే ఆ రోజు ఏమైందో తెలిసేది. మొదటి నెలల్లో నాకు సగం కథే తెలిసేది. మిగతా సగం విజయ దగ్గర ఉండేది. మా అందరిలో వేగం ఆమెదే.

"ఎల్లయ్య రెండో గుడిసెల ఏం జూసిండో నాకెరికె" అనేది మెట్లు దిగుతూ.

"చెప్పవే, నీ కాల్మొక్త."

"నేనెందుకు జెప్త? వేళ్లు లేవా నీకు? కొట్టుకో."

కొట్టుకున్నాను. మూడు నెలల్లో నా వేగం విజయను అందుకుంది. తప్పుల్లో మాత్రం ఎవరూ నన్ను అందుకోలేకపోయారు, ఎందుకంటే నా తప్పులు వేరే రకం. టైపులో మొదటి సూత్రం, చదవకూడదు. కళ్లు అక్షరాన్ని చూడాలి, వేలు అక్షరాన్ని కొట్టాలి, మధ్యలో మనిషి ఉండకూడదు. నేనుండేదాన్ని. చిన్నప్పటి అలవాటు పోలేదు. కాగితంలో లేని వాక్యాలు నా వేళ్లలోంచి వచ్చేవి, తర్వాత ఏం జరుగుతుందని నాకనిపిస్తే అది. ఒకరోజు ఎల్లయ్య మూడో కొండ దిగుతున్నాడు. కాగితంలో తర్వాతి వాక్యం అతని బూట్ల గురించి. నేను కొట్టింది, "దూరంగా అతనికి ఒక దీపం కనిపించింది."

మర్నాడు దిద్దిన కాగితం చేతికొచ్చింది. ఆ వాక్యంలో ఒక్కో మాట చుట్టూ ఎర్ర సున్నా. పక్కన సన్నగా రాసి ఉంది: "గాలి లేని చోట దీపం ఎట్లా వెలుగుతుంది? ఎవరు వెలిగించారు?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తప్పు కొట్టినందుకు కాదు, గాలి సంగతి మరచిపోయినందుకు. రెండు రోజులు అదే ఆలోచించాను. చిన్నమ్మ ఇంటి వెనక గిన్నెలు తోముతుంటే ఒకదాని మీద ఎండ తగిలి కళ్లలో కొట్టింది. ఆ సాయంత్రం స్పీడు పేపరు మధ్యలో, తెలిసే, కొట్టాను: "అది దీపం కాదు. ఎండ తగిలి మెరుస్తున్న సత్తు గిన్నె." మళ్లీ ఎర్ర సున్నాలు. పక్కన ఒక్క మాట: "ఎవరిది?"

మూడు రోజుల తర్వాత కాగితం తిప్పేసరికి, ఎల్లయ్య వంగి నేల మీంచి ఒక సత్తు గిన్నె తీస్తున్నాడు. అడుగున ఎండిపోయిన అన్నం మెతుకులు. నా చేతులు ఆగిపోయాయి. సార్ ముందే అనుకున్నదాన్ని నేను ఊహించగలిగానని పొంగిపోయాను. ఆ తర్వాత అట్లా చాలాసార్లు జరిగింది. నేను తప్పు కొడతాను, ఆయన సున్నాలు చుట్టి ఒక ప్రశ్న రాస్తారు, నేను మళ్లీ తప్పుతో జవాబిస్తాను, కొన్ని రోజులకు అదే కథలోకి వస్తుంది. విజయ అనుమానంగా చూసేది. "సార్ నీకు ముందుగాల్నే సూపిస్తుండా ఏంది?" అనేది. లేదని ఒట్టు పెట్టుకున్నాను. నాకిది వచ్చు, ఈ రకం కథ ఎటు పోతుందో నాకు తెలుసు అని జీవితంలో మొదటిసారి అనిపించింది. ఆ నమ్మకం మీదే తర్వాత ఇరవై ఏళ్లు రాశాను.

పరీక్ష వచ్చింది. ఇచ్చిన పేపరు రోడ్డు భద్రత మీద. రోడ్డు దాటేముందు రెండు వైపులా చూడవలెను అని ఒక వాక్యం. నా వేళ్లు దాని పక్కన "రెండు వైపులా ఎవరూ లేరు" అని కొట్టాయి. "భూమి నుంచి జవాబు లేదు" అని కూడా కొట్టాయి. స్పృహ వచ్చి వెతుక్కునేసరికి అసలు పేపరును ఎక్కడ వదిలానో కనబడలేదు. గంట కొట్టారు. ఫెయిలయ్యాను. ఎట్లా ఫెయిలయ్యావని సార్ అడిగితే దాచకుండా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గడియారం తీసి చూశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "మీ బాపు ఏమన్నడు?" అని అడిగారు. వచ్చే ఆదివారం తీసుకుపోవడానికి వస్తున్నాడని చెప్పాను.

ఆ ఆదివారం సార్ మిషన్లకు నూనె వేయలేదు. బాపు బయల్దేరకముందే పొద్దున బస్సుకు నాతో సిరిసిల్ల వచ్చారు. బాపు షెడ్డులో ఉన్నాడు. మగ్గాల చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి. ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా నిలబడి అరుచుకోవడం దూరం నుంచి చూసినవాళ్లకు కొట్లాటలా ఉండి ఉంటుంది.

"ఏడాది అన్న సార్. ఏడాది ఒడిసిపాయె" అని అరిచాడు బాపు.

"ఇంక ఆర్నెల్లియ్యి అన్నా. తప్పు పిల్లది గాదు. నాది."

"మీదెట్లయితది?"

"నేను కథలు రాసిచ్చిన. గవ్వే దాని నెత్తిల తిరుగుతున్నయ్."

బాపు మగ్గం ఆపాడు. పని మధ్యలో బాపు మగ్గం ఆపడం నేనెన్నడూ చూడలేదు. "ఏం కథలు?" అన్నాడు. సార్ చెప్పారు. చంద్రుడు, ఎక్స్ఛేంజి, వైరు. బాపు శ్రద్ధగా విన్నాడు.

"ఆడికెళ్లి ఫోను ఎవలకు జేస్తరు సార్?"

"ఇండ్లల్లకు జేస్తరు."

"ఇండ్లల్లోళ్లు ఎత్తుతలేరా?"

"ఎత్తుతలేరు. గదే పరేషాన్."

బాపు చేతులు తుడుచుకున్నాడు. కాసేపు నా వైపు చూశాడు. "కథ మంచిగనే ఉన్నది సార్. గని కథ రాసెటోని దగ్గరికి తోలితె పిల్ల కథలే నేర్చుకుంటది. అది బందు జేస్త అంటె ఆర్నెల్లు తోల్త" అన్నాడు.

"బందు" అన్నారు సార్. బాపు మగ్గం మళ్లీ నడిపాడు.

సోమవారం కాగితం తిప్పితే కలెక్టరు కార్యాలయపు సర్క్యులర్. నా ఒక్కదానికే కాదు, పన్నెండు మిషన్లకూ. ఇంకొకరి చేతిలో కథ ఉంటే నా చెవిన పడకుండా ఉండదని ఆయనకు తెలుసు. ఎల్లయ్య ఒక గుడిసె తలుపు ముందు ఆగి ఉన్నాడు. చివరి పేజీలో చివరి మాటలు నాకింకా నోటికొచ్చు: "ఎల్లయ్య తలుపు మీద చెయ్యి పెట్టాడు. లోపల ఎవరో నడుస్తున్నారు. అడుగుల చప్పుడు వినబడలేదు, చేతికి తగిలింది." అక్కడ ఆగిపోయింది. విజయ నాతో మాట్లాడటం మానేసింది. మానేసే ముందు, "నీ ఒక్కదాని కోసం అందరి నోట్ల మన్ను గొట్టినవ్" అంది. నిజమే. ఆర్నెల్లు సర్క్యులర్లు కొట్టాను. మధ్యలో మనిషి లేకుండా కొట్టడం నేర్చుకున్నాను. పక్కన ఎర్ర రాతలు లేని కాగితాలు తిరిగొచ్చేవి. వాటిని ఇచ్చేటప్పుడు సార్ ముఖం సంతోషంగా ఉండేది కాదు. అప్పుడది నాకు కఠినత్వంలా కనిపించింది.

పాసయ్యాను. ఆదిలాబాద్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వెళ్లి, కాళ్లకు దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ధైర్యం చేసి అడిగాను. "సార్, ఆ గుడిసెల ఎవలున్నరు?"

"పోయి నౌకరీ జేస్కో బేటా" అన్నారు. "ఎల్లయ్య ఏడికి పోడు."

ఉద్యోగం బాగానే చేశాను. ఇరవై ఏళ్లకు పైగా వేరేవాళ్ల వాక్యాలు ఉన్నదున్నట్టు కొట్టాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, వాక్యాలు మాత్రం అవే. సెలవు రోజుల్లో నా వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. నదులు ఎదురు పారే ఒక లోకం గురించి రాసిన మొదటి కథ ఒక వారపత్రికలో వచ్చింది. కాపీ సార్‌కు పంపాను. టైపు కొట్టిన ఉత్తరం వచ్చింది. మెచ్చుకోలు లేదు. "నీ లోకంలో నీళ్లు పైకి పారుతున్నాయి, మంచిది. మరి వాళ్లు అన్నం ఎట్లా వండుకుంటున్నారు?" అని ఉంది. కింద ఇంకో వాక్యం: "ఎల్లయ్య సంగతి ఏమైనా తెలిసిందా?" నవ్వుకున్నాను. ముగింపు తన దగ్గర పెట్టుకుని నన్ను ఊరిస్తున్నారనుకున్నాను. ప్రతి ఉత్తరం చివర ఆ వాక్యం ఉండేది. తర్వాత ఫోన్లు వచ్చాక ఫోనులో అడిగేవారు. "మీరే చెప్పాలె సార్" అనేదాన్ని. సార్ మాట మార్చి వాతావరణం గురించి అడిగేవారు.

చనిపోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. నలభయ్యో రోజుకు వెళ్లాను. వచ్చినవాళ్లు వెళ్లాక సార్ భార్య నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టింది. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఇన్‌స్టిట్యూట్ రోజుల్లో ఆమె మాకు కనిపించింది తక్కువ. వెనక వంటింట్లోంచి చాయ్ వచ్చేది, ఆమె వచ్చేది కాదు. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"తప్పులు కొట్టే పిల్లవు నువ్వే గదా" అంది.

నేనేనన్నాను.

"నీ కాయితం కోసం ఎంత జూసెటోడో. మిగతాయి దిద్ది పక్కకు పడేస్తుండె. నీది మాత్రం చాయ్ తాగుకుంట చదువుతుండె. నాకు గూడ చదివి వినిపిస్తుండె. తెల్లారి గదే పట్టుకోని రాస్తుండె."

నాకు అర్థం కాలేదు. "సార్ ముందే అనుకున్నది కదా ఖాలా? నేను ఊహించేదాన్ని, అంతే."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో నలభై రోజుల్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి కావచ్చు, పక్కగదిలోంచి కోడలు తొంగి చూసింది. "ఏం అనుకున్నడు? ఏం అనుకోలే. జవాబు బందైందాక ఆయనె రాసిండు. అటెన్క ఏం రాయాల్నో తెల్వక తిరుగుతుండె. గిన్నె నీదే. గుడిసెల మనిషి గూడ నీ తప్పే."

"మరి నేను పాసైనంక ఎందుకు రాయలే?"

"ఎట్ల రాస్తడు? నువ్వు తప్పులు చేసుడు బందు జేసినవ్. వేరేటోళ్ల కాయితాలు జూసిండు. వాళ్లు ఉన్నదున్నట్టు కొట్టిన్రు."

నా ఊహలన్నీ ఒప్పయ్యాయని నమ్మి రచయితనయ్యాను. ఒక్కటీ ఒప్పు కాలేదు. ఆయన వాటిని ఒప్పు చేశారు. నన్ను పాస్ చేయించడానికి తన కథకు దారి చూపే ఒకేఒక్క మనిషిని వదులుకున్నారు. తర్వాత ఇన్నేళ్లూ ప్రతి ఉత్తరంలో అడిగారు. నేను దాన్ని ఊరించడం అనుకున్నాను. ఆయన నిజంగానే అడిగారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. ఒక్క ఉత్తరం చాలు. ఖాలా ఎదురుగా ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ఆమె నా చెయ్యి వదల్లేదు, ఓదార్చనూ లేదు. నేను తేరుకునేదాకా ఆగి అడిగింది.

"ఇప్పుడన్న జెప్పు బిడ్డా. గా తలుపెన్క ఎవలున్నరు? ముప్పై ఏండ్ల సంది మేమిద్దరం అనుకుంటనే ఉన్నం."

నోరు తెరిచాను, పూర్వం వేళ్లు కదిలినట్టే మాట వచ్చింది. "ఇంకో లైన్‌మన్, ఖాలా. అవతలి స్టేషనోడు. ఇటునుంచి జవాబొస్తలేదని వాడు గూడ వైరు పట్టుకోని వచ్చిండు."

ఖాలా పెదవులు కదిలాయి. సార్‌కు చెబుతోందేమో అనుకున్నాను. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇద్దరు రెండు దిక్కులకెళ్లి వైరు జూసుకుంటనే వచ్చిండ్రు. యాడ తెగలే. మరి జవాబెందుకొస్తలేదు?"

అది నేను ఆలోచించలేదు. అదే మాట ఆమెతో అన్నాను. "ఆలోచించు. ఫికర్ జెయ్యకు, నేను యాడికి పోను" అని చాయ్ తెప్పించింది. ఆదిలాబాద్ బస్సులో ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. నిర్మల్ దాటినా తెగలేదు. ఇప్పుడు రాస్తున్నది అదే. రెండు జవాబులు రాసి, రెండూ ఫోనులో చదివి వినిపించాను. రెండూ ఆమెకు నచ్చలేదు. వచ్చే నెల మూడోది తీసుకుని నేనే వెళ్తాను.